ముగ్గురు సూర్యుళ్ల రోజు

పురీతా రెండు జతల మేజోళ్ల మీద రొట్టె కవర్లు తొడుక్కుని, బూట్లలో పాత పేపర్లు కూరి, కాళ్లు లోపలికి దూర్చింది. స్వెట్టరు, దానిమీద ఇంకో స్వెట్టరు, ఆపైన కోటు, కళ్లు మాత్రమే కనపడేలా మఫ్లరు. ఇంతయ్యేసరికి ఇరవై నిమిషాలు. మనీలాలో రబ్బరు చెప్పులు తగిలించుకుంటే పనికి బయల్దేరినట్టే.

గుమ్మం దగ్గర సలూద్ తాడు కట్టిన పెట్టె మీద కూర్చుని దగ్గుతోంది. మధ్యాహ్నం రెండింటికి తిరిగి మనీలాకు ఆమె విమానం.

"నువ్వూ వచ్చెయ్యవే. ఈ గాలికి పళ్లున్నాయి. నమిలేస్తోంది మనల్ని."

"చూద్దాంలే అక్కా."

నలభై మూడేళ్లలో పురీతా తనంతట తాను తేల్చుకున్నదేమీ లేదు. పదిహేనో ఏట సలూద్ వెనకాలే కుట్టుమిషన్ల షెడ్డులోకి వెళ్లింది. తమ్ముళ్లను చదివించింది, పెళ్లి ఊసు మరిచిపోయింది. సముద్రాల అవతల విన్నిపెగ్ అనే ఊళ్లో కోట్లు కుట్టేవాళ్లు కావాలని ఎవరో వస్తే, ఆమె పేరు రాయించింది కూడా సలూదే. ఆగస్టులో వచ్చిన కొత్తలో టోపీల అంచుకు బొచ్చు కుడుతూ ఇద్దరూ పడీపడీ నవ్వారు, ఇవి తొడుక్కునేది మనుషులా ఎలుగుబంట్లా అని. ఇప్పుడు ఫిబ్రవరి.

బస్సు స్టాపు దాకా సలూద్ తోడొచ్చింది. మైనస్ ముప్ఫై ఆరు. ముక్కులో వెంట్రుకలు సూదుల్లా బిగుసుకున్నాయి. అప్పుడే ఇళ్ల కప్పుల మీదుగా సూర్యుడు లేచాడు. అతనికి అటొకడు, ఇటొకడు, ఇంకో ఇద్దరు సూర్యుళ్లు.

సలూద్ శిలువ గుర్తు వేసుకుంది. "చూశావా? ఇది మనుషులుండే చోటు కాదే తల్లీ!"

ముగ్గురు సూర్యుళ్లున్నా ఇసుమంత వెచ్చదనం లేదు. గాలిలో మంచు తళుకుపొడిలా రాలుతోంది. బస్సు వచ్చాక కూడా పురీతా మొహం అటే తిరిగి ఉంది. సలూద్ లాగి కౌగిలించుకుంటే రెండు దళసరి కోట్లు తగిలాయి తప్ప మనుషులు తగల్లేదు.

ఫ్యాక్టరీలో పక్క మిషను హలీనాది. ఎప్పుడో ఉక్రెయిన్ నుంచి వచ్చిన ముసలావిడ. పురీతా మూడు వేళ్లు చూపించి, ఆకాశం వైపు చెయ్యెత్తింది.

"అవి సూర్యుడి కుక్కలమ్మాయ్," అంది హలీనా దారం కొరుకుతూ. "గాలిలో మంచుపొడి మీద ఎండ పడితే అలా కనిపిస్తాయి, యజమానికి అటొకటీ ఇటొకటీ. చలి ముదిరితేనే బయటికొస్తాయి. ముప్ఫై ఏళ్లయింది, ఇప్పటికీ నిలబడి చూస్తా."

గోడ గడియారం రెండు కొట్టింది. కిటికీల నిండా మంచు పేరుకుంది, ఏ విమానమూ కనపడదు. పురీతా మిషను ఒక్క క్షణం నెమ్మదించి, మళ్లీ పరిగెత్తింది.

సాయంత్రం బస్సు రాలేదు.

"ఇక్కడ నిలబడితే కొయ్యబారిపోతావ్. నది గడ్డకట్టేసింది, దాని మీంచి పో," అంది హలీనా.

"మునిగితే?"

"లారీలే పోతున్నాయి. నువ్వెంత, కోడిపిల్లంత!"

నీళ్ల మీద నడిచింది యేసు ప్రభువని చిన్నప్పటి నుంచి విన్నది పురీతా. గట్టు దిగి, ఒక కాలు మోపి చూసి, రెండోది మోపింది. ఆగస్టులో ఇక్కడే పడవలు తిరిగాయి. సగం దూరం వెళ్లాక అడుగున ఎక్కడో మంచు పెద్దగా మూలిగింది. ఆమె కొయ్యలా ఆగిపోయింది. ఈ గట్టెంత దూరమో ఆ గట్టూ అంతే. ముందుకో వెనక్కో చెప్పేవాళ్లెవరూ లేరు. పాదాల కింద రెండు మూరల మంచు, దాని కింద చీకట్లో కదిలే నీళ్లు, చేపలు. ఎదురుగా గులాబీరంగు తిరిగిన తెలుపు, కనుచూపు మేర. మఫ్లరు కిందికి లాగి ఊపిరి వదిలింది. తన నోట్లోంచే ఒక మబ్బు పుట్టి పైకి లేచింది.

"ఓరి దేవుడో!" అని పైకే నవ్వేసింది.

వచ్చే ఏడు కూడా ఇది చూడాలి, అనుకుంది. అనుకుని, ముందుకే నడిచింది.

గదిలో సలూద్ మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. పెరట్లో తీగ మీద ఆమె పసుపుపచ్చ గౌను వేలాడుతోంది. ప్రయాణం పెట్టుకుని కూడా, అలవాటు కొద్దీ ఉతికి ఆరేసి, మరిచిపోయి వెళ్లింది. గౌను చలికి గడ్డకట్టి చెక్కలా బిగిసిపోయింది. పురీతా క్లిప్పులు ఊడదీసి, దాన్ని చంకన పెట్టుకుని తెచ్చి, హీటరు పక్కన గోడకు ఆనించింది. అది చేతులు చాపుకుని అలాగే నిలబడింది.

బూట్లు విప్పుకుంటూ పురీతా దానివైపే చూసింది. కాసేపటికి గౌను భుజాలు జారాయి. నడుము దగ్గర వంగి, మెల్లగా నేల మీద కూలబడింది.