రెండు పేజీలు ఒకేసారి తిరిగినప్పుడు

సైన్‌బోర్డులు రాసే నాన్న షెడ్డులో, మధ్యాహ్నాలు తడి రంగుల మీద ఎండ కునుకు తీస్తూ ఉంటుంది. ఆ రోజు, అందరూ పిచ్చుక అని పిలిచే ఏడేళ్ల కూతురు, రంగు డబ్బాల మధ్య బాసింపట్టు వేసుకుని బొమ్మల పుస్తకం చదువుతోంది. ఏనుగు మబ్బునెక్కి సముద్రం చూడబోయే కథ. ఆ గొంతు వింటుంటే నాన్న కుంచె కూడా మబ్బు మీదే తేలుతున్నట్టుంది.

గాలికి రెండు పేజీలు కలిసి తిరిగిపోయాయి. పిచ్చుక గమనించలేదు. కథ మాత్రం, తెరవని పేజీల్లోది కూడా, ఒక్క మాట పొల్లుపోకుండా సాగింది.

కుంచె ఆగింది. నాన్న దగ్గరికొచ్చి ‘పడవ’ అన్న మాట మీద వేలు పెట్టాడు.

“ఇదేంటమ్మా?”

“ఏనుగు.”

“మళ్లీ చూడు తల్లీ.”

పిచ్చుక బొమ్మకేసి చూసింది, నాన్న మొహంకేసి చూసింది. “ఆ అక్షరాలు నిన్న వచ్చాయి నాన్నా, ఇవాళ పోయాయి.”

ఆయనకు పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిల్లకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. తాళంచెవిని ‘చాళంతెవి’ అంటే ఇంటిల్లిపాదీ ముద్దు చేశారు. ‘గిన్నె’లా వినిపించే మాట ఇంకోటి చెప్పమంటే ‘చెంచా’ అనేది. విడివిడిగా అన్నీ నవ్వులాటే. కలిపి చూస్తే తన చిన్నతనమే. బళ్లో మొద్దన్నారు తనని. ఇప్పటికీ కాగితం మీది అక్షరాల్ని బొమ్మల్లా దించేస్తాడే గానీ, చదవమంటే చెమటలు పడతాయి.

మర్నాడు బడికెళ్లి ఇదంతా పంతులమ్మకు చెప్పేశాడు.

“మొద్దేం కాదండీ. ముందు డాక్టరుకు కళ్లు, చెవులు చూపించండి. తర్వాత, చదవడం కష్టమయ్యే పిల్లలకు నేర్పే టీచరు దగ్గరికి పంపిద్దాం. తొందరగానే కనిపెట్టారు.”

“నా సంగతి కనిపెట్టడానికి నలభై ఏళ్లు పట్టిందండీ.”

పంతులమ్మ నవ్వలేదు. “అయితే మీరూ పక్కన కూర్చోండి.”

ఆ టీచరు దగ్గర పిల్ల పక్కనే కూర్చున్నాడు. మాటల్ని చప్పట్లతో విడగొట్టడం, ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ దాని శబ్దం పలకడం. ఒకటి పట్టుబడితే ఒకటి జారేది.

వానలు మొదలైన ఓ సాయంత్రం, బస్సు కోసం నిలబడ్డారు. తడి రోడ్డు మీద దీపాలు కరిగి పారుతున్నాయి. ఎదుటి దుకాణం బోర్డు కేసి పిచ్చుక పెదవులు కదిపింది.

“చె... చె... ప్పు... లు. చెప్పులు!”

తలతిప్పి చూసేసరికి బస్సు మలుపు తిరుగుతోంది.

“బస్సు వెళ్లిపోయింది నాన్నా!”

“పోతే పోనీలేవే,” అన్నాడు నాన్న, పక్క దుకాణం బోర్డు చూపిస్తూ. “ఆ పక్కది ఇద్దరం కలిసి చదువుదాం.”