మూడు ఇత్తడి వేళ్ళు

గోపాలపట్నంలో తాయారు ఇంటికి ఎవరు వెళ్ళినా ముందు ఆముదం వాసన తగిలేది, ఆ తర్వాతే తాయారు కనబడేది. ఆ ఆముదం వంటకి కాదు, జుట్టుకి అంతకన్నా కాదు. పెరట్లో రేకుల పాకలో ఆమె మొగుడు త్రినాథరావు నడిపే లేతు మిషనుకి. ఎక్కడో మూతబడ్డ కంపెనీ వేలంలో కొన్న చిన్న మిషను అది. బండి మీద దాన్ని తెచ్చిన రోజున వీధివాళ్ళంతా కొత్త పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చినట్టు వచ్చి, ఇంత తుప్పుకి అంత సంబరమా అని నవ్వుకుంటూ పోయారు.

మిషనైతే వచ్చింది గానీ, దానితో రావలసిన స్టడీ అనే సామాను రాలేదు. హార్బరులో చిన్న బోట్ల ఇంజన్లకి షాఫ్టులు, అంటే పొడుగాటి ఇనప కడ్డీలు కావాలి. రెండు కొసలా పట్టి గిర్రున తిప్పుతుంటే షాఫ్టు నడుం దగ్గర ఊగిపోతుంది. ఊగిందంటే టూలు ఒకచోట ఎక్కువ కోస్తుంది, ఇంకోచోట అసలు తాకదు. ఆ నడుముని మూడు వైపుల నుంచీ వేళ్ళతో ఆనించి పట్టే ఇనప కడియమే స్టడీ. త్రినాథరావు పాత సామాన్ల కొట్టులో దళసరి పైపు ముక్క ఏరి తెచ్చి, రెండుగా కోసి, ఒక పక్క మడతబందూ ఇంకో పక్క బోల్టూ పెట్టి, తెరిచి మూసే కడియం తనే చేసుకున్నాడు. వేళ్ళ దగ్గరకొచ్చేసరికి పని ఆగింది. ఇనుము పెడితే షాఫ్టుని గీరేస్తోంది. చెక్క పెడితే పొగలొచ్చి మాడిపోతోంది.

"ఇత్తడైతే గీరదు," అన్నాడు ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని. "గట్టి ఇత్తడి కావాల. రేకు పనికిరాదు."

తాయారు లేచి వెళ్ళి తన ఇత్తడి రోకలి తెచ్చి కంచం పక్కన పెట్టింది. కాపురానికి వచ్చేటప్పుడు తల్లి చిట్టెమ్మ ఇచ్చిన రోలూ రోకలీ జతలోది. జానెడు కన్నా కాస్త పొడుగు, లోపలంతా గట్టి ఇత్తడే. తల దగ్గర మూడు గీతల కట్టు ఉండేది. తాయారు పుట్టకముందు నుంచీ అల్లం దంచిన చేతుల రాపిడికి ఆ గీతలు నున్నబడ్డాయి.

"మీయమ్మ ఇచ్చింది కదే," అన్నాడు త్రినాథరావు.

"నాకే ఇచ్చింది. నాను నీకిస్తన్నాను. మరి ఆ మిషను మనిద్దరిదీ అవ్వాల మావా."

"మనిద్దరిదే," అన్నాడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు. అందుకే ఆ మాట తాయారుకి అంతగా పట్టుకుంది.

రోకలి మూడు ముక్కలై మూడు వేళ్ళయింది. షాఫ్టు నిటారుగా నిలబడింది. కానీ ఇత్తడి వేళ్ళకి ఒక గుణముంది, తిరుగుతున్నంతసేపూ నూనె తాగుతూనే ఉండాలి. ఆరిందంటే కీచుమంటాయి, కాలతాయి, అరిగిపోతాయి. త్రినాథరావు చూపు టూలు మీద ఉండాలి కనక నూనె డబ్బా తాయారు చేతికి వచ్చింది. పక్కన పీట వేసుకుని బొట్టుబొట్టుగా ఆముదం వదిలేది. కీచుమనబోయే ముందు ఇత్తడి సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు త్రినాథరావు కన్నా ముందు ఆమెకే వినబడేది. "ఆపు," అంటే ఆపేవాడు. పొయ్యి మీద అన్నం మాడినా ఆమెకి పట్టేది కాదు, మాడిన అన్నం తినే మొగుడికీ పట్టేది కాదు. ఆ పాకలో వాళ్ళు మొగుడూ పెళ్ళాల కన్నా ఎక్కువగా ఉండేవాళ్ళు. బోటు యజమాని ఎల్లారావు షాఫ్టుని అరచేత్తో నిమిరి, తలూపి, ఇంకో షాఫ్టు పంపేవాడు. తాయారుకి అంతకన్నా కావలసిందేమీ లేదు.

అటు స్టీలు ప్లాంటు కట్టుబడి జోరందుకుంది. తాయారు అన్న గవర్రాజు ఆటోనగర్లో షెడ్డు వేసి పెద్ద లేతులు దించాడు. అప్పుడప్పుడు వచ్చి, చెల్లెలు పెట్టింది తిని, బావతో పాకలో గుసగుసలాడి వెళ్ళేవాడు. అన్నకీ మొగుడికీ పొసగని ఇళ్ళు ఎన్ని లేవు, తన ఇంట్లో పొసిగిందని తాయారు మురిసిపోయింది. పిచ్చి మనిషి.

ఒకరోజు త్రినాథరావు కడియాన్ని గోనెలో చుట్టుకుంటూ కనబడ్డాడు.

"బందు దగ్గర ఇరిగిపోనాది. వెల్డింగు ఏయించాల," అన్నాడు.

రెండు రోజులకి ఉత్త చేతులతో వచ్చి, వెల్డింగు వేడికి వేళ్ళు కూడా పాడైపోయాయన్నాడు. కొత్త కడియం చేస్తాను గానీ ఇత్తడెక్కడ తేను అని తల పట్టుకున్నాడు. ఆ దిగులు చూసి తాయారు గుండె కరిగిపోయింది. రోకలి లేని రోలెందుకని రోలు కూడా తెచ్చిచ్చేసింది. దాన్ని కంచరి దగ్గర కరిగించి కడ్డీ పోయిస్తానని పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత అదీ సరిగా రాలేదన్నాడు, హార్బరు పనులు తగ్గిపోయాయన్నాడు, చివరికి పోర్టులో గోనెలు మోయడానికి పోతున్నానన్నాడు.

తాయారు నమ్మింది. గోనెలు మోసేవాడి చొక్కా ఉతుకుతుంటే మడతల్లోంచి ఇనప రజను రాలేది. ఆముదం వాసన కూడా వేసేది. చూసి కూడా, పాత చొక్కా కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. పాకలో మిషనుకి గోనెపట్టా కప్పి, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా వారం వారం తుడిచి నూనె రాసేది. ఏనాటికైనా మళ్ళీ తిరుగుతుందని ఆశ.

మొగుడి నడుం పోర్టులో విరిగిపోతోందన్న బెంగతో, అతనికి చెప్పకుండా, ఒకరోజు బస్సెక్కింది. అన్న కాళ్ళు పట్టుకునైనా మొగుడికి షెడ్డులో పని అడుగుదామని ఆటోనగర్ వెళ్ళింది.

షెడ్డు ఆనవాలు కనుక్కోవడానికి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. రోడ్డు మీదికే ఇత్తడి మూలుగు వినబడింది.

లోపల రెండు లేతులు తిరుగుతున్నాయి. మొదటిదాని ముందు త్రినాథరావు నిలబడి ఉన్నాడు. అడుగు పలక మార్చి, ఆ పెద్ద మిషనుకి సరిపడేలా బిగించిన కడియం ఆమె ఎరిగిన కడియమే. బందు ఎక్కడా విరగలేదు. పైకి పొడుచుకొచ్చిన వేలి మీద మూడు గీతల కట్టు ఉంది. రెండో లేతు మీద ఇంకో కడియం, కొత్త పోత ఇత్తడి వేళ్ళతో. రోలు అక్కడుందన్నమాట. ఎల్లారావు తన షాఫ్టు కోసం స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

నూనె డబ్బా కిటికీలో ఉంది. తాయారు చెయ్యి అలవాటు కొద్దీ దాని మీదికి పోయింది. అంతలో తన చేతిని చూసి తనకే రోత పుట్టి, డబ్బా వదిలేసి, మిషను స్విచ్చి కట్టేసింది.

త్రినాథరావు తలెత్తి చూశాడు.

"పోర్టులో గోనెలు ఇక్కడే మోత్తన్నావేటి మావా?" అంది.

గవర్రాజు పరుగున వచ్చాడు. "అమ్మా తాయారూ, బావని తిట్టకు. రమ్మన్నది నానే. ఆడమనిసి నూనె పోత్తే గానీ తిరగని మిషనని హార్బర్లో నవ్వుతన్నారట. బావకి నామోషీ అయిపోనాది. నీకు సెప్తే బాధ పడతావని..."

"ఎవరు నవ్వినారు?" అంది తాయారు.

గవర్రాజు బావకేసి చూశాడు. త్రినాథరావు ఎల్లారావు వైపు చూడకుండా, "ఈలే, బోట్లోలు," అన్నాడు.

ఎల్లారావు టీ గ్లాసు కింద పెట్టాడు. "నానెప్పుడు నవ్వినాను త్రినాథరావూ? మాలో ఎవులూ ఆ మాటనలేదు."

తాయారుకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. నామోషీ ఊరివాళ్ళది కాదు, మొగుడిది. పక్కన పీట వేసుకుని తను కూర్చున్నన్నాళ్ళూ ఆ మనిషి లోపల సిగ్గుపడుతూనే ఉన్నాడు. అది తెలియక తను అమ్మ రోకలి ఇచ్చింది, రోలు ఇచ్చింది, చొక్కాలుతికింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది.

పానా తీసుకుంది. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో ఆమెకి ఒకరు చెప్పాలా. మూడు బోల్టులూ సడలించి, మూడు ఇత్తడి వేళ్ళూ లాగింది. నిప్పులా ఉన్నాయి. అరచెయ్యి బొబ్బలెక్కినా వదలకుండా కొంగున ముడేసుకుంది.

"కడియం నీది. రోకలి నాది," అంది మొగుడితో. అన్నతో ఆ మాత్రం కూడా అనలేదు.

పొద్దు వాలే వేళకి త్రినాథరావు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తాయారు వంటింటి గచ్చు మీద మూడు ముక్కల్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా పేర్చుకుని కూర్చుంది. పక్కన తన జానని ఆనించి చూసుకుంటోంది. రోకలి జాన దాటి ఉండేది. ఇప్పుడు మూడూ కలిసినా జాన నిండడం లేదు.

"ఎల్లారావు షాఫ్టు మిషను మీదే ఉండిపోనాది," అన్నాడు త్రినాథరావు. "ముక్కలిచ్చీ తాయారూ. నీకు కొత్త రోలూ రోకలీ తెత్తాను. అమ్మోరి మీదొట్టు."

"నాను నూనేసినన్నాళ్ళూ ఇది అరగనేదు," అంది తాయారు, తలెత్తకుండానే. "నన్ను తప్పించినాకే ఇంత అరిగిపోనాది. ఆ అరిగింది ఏరుకొచ్చి ఇచ్చీ మావా. అప్పుడు ఇత్తాను."

"అరిగిందెక్కడ దొరుకుతాదే?"

"నాకూ అదే తెలీడం నేదు," అంది.

త్రినాథరావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపలికి రమ్మని తాయారు అనలేదు.