హ్యాచెట్ వాగు దారి తెరిచిన వేసవి

హార్లన్ క్రూగర్ భుజం విరగ్గొట్టుకోకపోయి ఉంటే, వెర్లా స్కాగెన్ ఆ వేసవిలో మాజీ మొగుడితో కలిసి అడవికి వెళ్ళాల్సిన పనే ఉండేది కాదు. హార్లన్ పడింది గుర్రం మీంచైనా కాదు. సొంతింటి మెట్ల మీంచి, కుక్కకి తిండి పెట్టబోయి పడ్డాడు.

ఆ సంగతి లోయలోని గుర్రాలవాళ్ళ సంఘం సమావేశంలో బయటపడింది. అటవీ ఆఫీసు నుంచి వచ్చిన గిల్ ఓర్టెగా టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. దారుల బాగోగులు చూసేది అతనే. పెద్దగాలికి హ్యాచెట్ వాగు దారి పొడవునా చెట్లు కూలాయనీ, రెండు వేసవులుగా ఆ దారిలో ఒక్క డెక్క పడలేదనీ చెప్పాడు. ఈ వేసవిలో కూడా తెరవకపోతే గుర్రాల దారుల్లోంచి దాన్ని తీసేస్తారన్నాడు.

"నడిచేవాళ్ళు దుంగల కిందనుంచి దూరి పోతారు. మూటలు మోసే కంచరగాడిద దూరలేదు కదండీ," అన్నాడు. "మా దగ్గర మనుషుల్లేరు. మీలో ఎవరైనా రంపం పట్టగలిగితే నేనూ వస్తాను."

రక్షిత అడవి గీత దాటాక మోటారు చప్పుడు వినపడకూడదు, చక్రం తిరగకూడదు. చెట్టు కొయ్యాలంటే ఇద్దరు లాగే పాతకాలపు పొడుగు రంపమే దిక్కు. అది పట్టడానికి పరీక్ష పాసైనవాళ్ళు సంఘంలో ముగ్గురే ఉన్నారు. హార్లన్ చెయ్యి ఇప్పుడు మెడకి వేలాడుతోంది. మిగిలింది వెర్లా, ఆరిన్ టేట్. విడాకులై పదేళ్ళు దాటిన మొగుడూ పెళ్ళాలు.

హాల్లో అందరూ బూట్ల వంక చూసుకుంటున్నారు. చివరికి వెర్లాయే నోరు విప్పింది.

"రంపానికి అటువైపు ఎవరుంటే నాకేం? పని జరిగితే చాలు. కాకపోతే ఆయన పాటలు పాడకూడదు."

"నేనెప్పుడు పాడాను?" అన్నాడు ఆరిన్ వెనక వరసలోంచి.

హాలంతా గొల్లుమంది. ఆరిన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ అతనూ నవ్వాడు.

వెర్లా ఎందుకు ఒప్పుకుందో లోయలో చాలామందికి తెలుసు. ఆ దారి కనుమ దాటి సార్విస్ మైదానంలోకి దిగుతుంది. పందొమ్మిదేళ్ళ వయసులో ఆమె మొదటి జీతం తీసుకున్నది అక్కడి గుడారాల్లో వంట చేసినందుకే. తరవాత నలభై ఏళ్ళు ఆ కనుమ మీదుగా పిండి బస్తాలూ, పొయ్యిలూ, కిటికీ అద్దాలూ, ఒకసారి పురిటికి వచ్చిన కుక్కనీ కంచరగాడిదల మీద ఎక్కించి దాటించింది. ఇప్పుడామెకి అరవై ఆరు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. గుర్రం వెళ్ళని చోటికి ఆమె కూడా వెళ్ళలేదు. ఆ దారి మూసేస్తే సార్విస్ మైదానం తనకి లేనట్టే. ఈ మాట ఆమె పైకి అనలేదు.

జూలైలో మంచు కరగగానే బయలుదేరారు. బండ్లు ఆపే చోట తెల్లవారుతూనే వెర్లా తన కంచరగాడిదలకి జీన్లు వేసి, మూటలు అటూ ఇటూ సమానంగా తూచి కట్టింది. వాటి ముందు నడవడానికి మెడలో గంట కట్టిన ముసలి ఆడగుర్రం మ్యారిగోల్డ్ ఉంది. గంట ఎటు మోగితే కంచరగాడిదలు అటు పోతాయి. ఆ గుర్రమంటే వాటికి పిచ్చి.

ఆరిన్‌ని దింపడానికి అతని రెండో భార్య జొనెల్ వచ్చింది. దాల్చినచెక్క రొట్టెల పెట్టె ఒకటి వెర్లా చేతిలో పెట్టి, ఆమెని గట్టిగా కౌగిలించుకుని, చిన్న మందుల సీసా జేబులోంచి తీసింది.

"రక్తపోటు మాత్రలు. పొద్దున్నే ఒకటి. ఈయనకిస్తే మర్చిపోతాడు."

"నాకు తెలీదా?" అంది వెర్లా, సీసా చొక్కా జేబులో వేసుకుంటూ.

"నేనిక్కడే ఉన్నాను," అన్నాడు ఆరిన్.

"ఉన్నావు, చూస్తూనే ఉన్నాం," అంది జొనెల్. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే వెర్లాకి ఆరిన్ కంటే జొనెలే ఎక్కువ ఇష్టం. ఆమె రొట్టెలు తను చేసినవాటి కంటే బాగుంటాయని కూడా ఎప్పుడో ఒప్పేసుకుంది.

మొదటి దుంగ దగ్గరే గొడవ మొదలైంది.

"లాగమన్నాను. తొయ్యమన్లేదు," అంది వెర్లా.

"తొయ్యట్లేదు."

"మరి రంపం ఎందుకు వంగుతోంది? దయ్యం పట్టిందా?"

"నువ్వు నీళ్ళు తోడుతున్నట్టు గుంజుతున్నావు. మనిషికి ఊపిరి తీసుకునే సందివ్వవా?"

"ఊపిరి తీసుకోడానికి నీకు ముప్ఫై ఏళ్ళు ఇచ్చాను. తీసుకోవాల్సింది అప్పుడు."

గిల్ కొంచెం దూరంగా జరిగి, ఒక పొద కొమ్మలు చాలా శ్రద్ధగా నరకడం మొదలుపెట్టాడు. ఆ పొదని నరకాల్సిన అవసరం ఏమీ లేదు.

అయినా రంపానికి దాని పద్ధతి దానికుంది. ఇటు మనిషి లాగుతుంటే అటు మనిషి చెయ్యి వదులు చెయ్యాలి. అటు లాగుతుంటే ఇటు వదలాలి. కోపంతో లాగితే పళ్ళు చెక్కలో ఇరుక్కుంటాయి. మధ్యాహ్నానికి ఇద్దరికీ తిట్టుకునే ఓపిక అయిపోయింది. ఆ తరవాత రంపం పాడడం మొదలెట్టింది, పొడుగ్గా, సన్నగా. నూడుల్స్ లాంటి చెక్క తీగలు వాళ్ళ బూట్ల మీద పడుతున్నాయి. దుంగ తెగి కూలగానే ముగ్గురూ నేలమీద కూచుని, కాళ్ళతో తన్ని దాన్ని పల్లంలోకి దొర్లించేవారు. మరీ బరువైతే ఓట్స్ అనే పెద్ద కంచరగాడిదకి గొలుసు తగిలించి లాగించేవారు. ఓట్స్ పని చేస్తూ ఆరిన్ వంక చూసే చూపు చూసి గిల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దానికి నేనంటే పడదు," అన్నాడు ఆరిన్.

"మనుషుల్ని చదవడం దానికి బాగా తెలుసు," అంది వెర్లా.

రాత్రిళ్ళు ఆమె పెనం మీద బంగాళాదుంపలు వేయించేది. ఆరిన్ గిన్నెలు కడిగేవాడు. పెళ్ళయిన కాలంలో అతను గిన్నె కడగగా చూసిన జ్ఞాపకం లేదామెకి. జొనెల్ ఎలా నేర్పిందో కనుక్కోవాలి అనుకుంది.

అలా వాగు వెంట పైకి వెళ్ళి వెళ్ళి, కనుమ కింద ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ నిలబడిపోయారు. అక్కడ చెట్లు ఒకటీ రెండూ కాదు. కొండ పక్క మొత్తం ఒకదాని మీద ఒకటి పడి, చిక్కుపడిన జుట్టులా ఉంది. దారి ఎక్కడో దాని అడుగున ఉంది. మనిషి ఎత్తుకి మించిన దుంగలు అడ్డదిడ్డంగా బిగుసుకుని, ఒకటి కోస్తే ఏది మీద పడుతుందో తెలియకుండా ఉన్నాయి.

గిల్ చాలాసేపు చూసి టోపీ తీశాడు.

"ఇది మన ముగ్గురి వల్ల అయ్యే పని కాదండీ. ప్రాణాలు పోతాయి. వెనక్కి వెళ్ళి ఆఫీసుకి ఉన్నదున్నట్టు చెప్తాను."

"చెప్తే?" అంది వెర్లా.

"చెప్తే... మీకు తెలుసుగా."

ఆ సాయంత్రం వెర్లా కూలిన చెట్ల వంక చూస్తూ కూచుంది. ఆరిన్ మ్యారిగోల్డ్ దూరం పోకుండా దాని ముందుకాళ్ళకి బంధం తగిలించి వచ్చి, ఆమె పక్కన కాఫీ గ్లాసు పెట్టాడు.

పొద్దున లేచేసరికి గంట చప్పుడు లేదు.

వెర్లా దుప్పటిలోంచే విన్నది. వాగు ఒక్కటే వినిపిస్తోంది. లేచి చూస్తే గడ్డిలో బంధం పడి ఉంది, తోలుపట్టీ ఊడిపోయి. మ్యారిగోల్డ్ లేదు. ఒక్క కంచరగాడిద కూడా లేదు.

"నీ గుర్రం," అన్నాడు ఆరిన్, గుడారంలోంచి తల బయటపెట్టి.

"నా గుర్రమే. బంధం కట్టిందెవరు?"

ఆరిన్ బూట్లు తొడుక్కున్నాడు.

"నేనే. కట్టు సరిగ్గా చూళ్ళేదు."

ఇన్నేళ్ళలో అతని నోట "నేనే" అన్న మాట వెతుక్కోకుండా దొరకడం ఇదే మొదటిసారి. వెర్లా జేబులోంచి సీసా తీసి మాత్ర ఇచ్చింది.

అందరూ అనుకున్నది అవి ఇంటి దారి పట్టి ఉంటాయని. కానీ బురదలో డెక్కల గుర్తులు కిందికి లేవు. పైకి ఉన్నాయి. కూలిన చెట్ల కొండ వైపు పోయినట్టే పోయి, దాని మొదట్లో పక్కకి తిరిగి, వాగు ఒడ్డున గుబురు పొదల్లోకి దూరాయి.

"ఎక్కడికే తల్లీ నీ ప్రయాణం?" అని గొణుక్కుంటూ వెర్లా గుర్తుల వెంట నడిచింది. మోకాళ్ళు భగ్గుమంటున్నాయి. ఆరిన్ చెయ్యి చాచాడు. ఆమె ఒకసారి ఆ చెయ్యి వంక చూసి పట్టుకుంది. గిల్ ముందు నడుస్తూ కొమ్మలు పక్కకి తొలగించాడు.

పొదల్లో కొంత దూరం పోయాక ఆరిన్ ఆగి, ఒక ముసలి పైన్ చెట్టు బెరడు మీద చెయ్యేశాడు. ఎప్పుడో గొడ్డలితో చెక్కిన గుర్తు. చుట్టూ బెరడు పెరిగి దాదాపు మూసుకుపోయింది. ఇంకాస్త ముందు మరో చెట్టు మీద మరొకటి.

"వెర్, ఇటు రా. ఇది పాత దారి," అన్నాడు. "దారిని పైకి మార్చకముందు మా నాన్న కంచరగాడిదల్ని ఇటే తోలేవాడు."

"మనం కూడా తోలాం, పెళ్ళయిన కొత్తలో. వంతెన కొట్టుకుపోయిన ఏడాది. మ్యారిగోల్డ్ అప్పటికి పుట్టలేదు."

"దాని తల్లి ఉంది కదా."

"తల్లి చెప్పిందంటావా?"

"గడ్డి వాసన చెప్పుంటుంది," అన్నాడు ఆరిన్. ఏదైతేనేం, గుర్రానికి పోవడానికి వీలున్న దారి కనిపించింది, పోయింది.

వాగు పల్లంలో ఉండడం వల్ల గాలి పైనుంచే పోయినట్టుంది. ఇక్కడ కూలినవి తక్కువ. సన్నవి. గిల్ మోకాళ్ళ మీద కూచుని పటం విప్పి, వేలితో గీత వెంట పోయి, తలెత్తాడు. మొహం వెలిగిపోతోంది.

"దీన్ని మావాళ్ళు పటంలోంచి కొట్టెయ్యలేదండీ! కొత్త దారి వెయ్యాలంటే అనుమతులకే నా ఉద్యోగం అయిపోతుంది. ఇది పాతదే. శుభ్రం చెయ్యడమే. రేడియోలో అడుగుతాను గానీ, కాదనరు."

"కాదంటే?" అన్నాడు ఆరిన్.

"వెర్లా గారికి ఇస్తాను రేడియో."

మధ్యాహ్నం దాటాక కనుమ ఎక్కారు. ఆఖరి ఎత్తు వెర్లా కూచుని, లేచి, కూచుని, లేచి ఎక్కింది. పైకి రాగానే గంట వినిపించింది. కింద సార్విస్ మైదానం నిండా నీలం పూలు, మధ్యలో వాగు మెలికలు, దూరంగా కప్పు కుంగిన పాత చెక్క గది. మ్యారిగోల్డ్ పొట్టదాకా గడ్డిలో నిలబడి మేస్తోంది. కంచరగాడిదలు చుట్టూ చేరి ఉన్నాయి. ఓట్స్ ఒక్కటే తలెత్తి చూసి, వచ్చింది ఆరిన్ అని తెలుసుకుని మళ్ళీ దించేసుకుంది.

వెర్లా రాతి మీద కూలబడింది. ఆమె కళ్ళు తుడుచుకుంటే గిల్ మర్యాదగా మబ్బుల వంక చూశాడు.

"ఇక్కడే కదూ నువ్వు నా మీద గిన్నె విసిరింది?" అన్నాడు ఆరిన్.

"గిన్నె కాదు. గరిటె."

"దెబ్బ గిన్నె అంత తగిలింది."

"తగలాలనే విసిరాను," అంది వెర్లా. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగితే మళ్ళీ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వులో పాత కోపం వెతికి చూసింది వెర్లా. ఎక్కడా దొరకలేదు. ఈ మనిషితో మళ్ళీ కాపురం చెయ్యమంటే ఈ రోజుకీ చెయ్యదు. రంపం పట్టమంటే మాత్రం రేపు పొద్దున్నే లేస్తుంది.

ఆఫీసు రేడియోలో సరేనంది. పాత దారి మీది చెట్లు కొయ్యడం ఆ వారంలోనే పూర్తయింది. ఆగస్టులో సంఘంవాళ్ళందరూ బారులు తీరి కనుమ దాటారు. చెక్క గది కప్పుకి కావలసిన పలకలన్నీ కంచరగాడిదల మీద వచ్చాయి. హార్లన్ కూడా వచ్చాడు, ఒంటి చేత్తో పగ్గం పట్టుకుని, అందరికీ సలహాలిస్తూ.

జొనెల్ మొదటిసారి వచ్చింది. ఆమెకి గుర్రాలంటే భయం. వెర్లా తన వాటిల్లో అన్నిటికంటే నెమ్మదైనదాన్ని ఆమెకిచ్చి, దాని తాడు తన జీనుకి కట్టుకుని నడిపించింది. కనుమ ఎక్కేదాకా జొనెల్ కళ్ళు మూసుకునే ఉంది.

"ఇప్పుడు తెరువు," అంది వెర్లా.

జొనెల్ కళ్ళు తెరిచి, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంత బాగుంటుందని ఈయన నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు!"

"చెప్పడం ఆయనకి రాదమ్మా. తీసుకురావడం వచ్చు. మనమే అడగాలి."

"వచ్చే ఏడాదీ వస్తాను," అంది జొనెల్. "రంపం పట్టడం నాకూ నేర్పుతావా?"

"నేర్పుతాను. నీ చేతులు బాగున్నాయి."

వెనకనుంచి ఆరిన్ ఏదో అడుగుతున్నాడు, గాలికి సరిగ్గా వినిపించలేదు. ఇద్దరూ వెనక్కి తిరగలేదు. గుర్రాలు ఒకదాని వెనక ఒకటి గడ్డిలోకి దిగాయి. గది చూరు కింద అప్పటికే ఎవరో పొయ్యి రాజేశారు. ఆ పూట వంట గిల్‌ది. బీన్స్‌లో ఉప్పు చాలలేదు. అయినా అందరూ రెండోసారి వడ్డించుకుని తిన్నారు.