దిగిరాని బంతి

పొద్దున ఎండ ముదరకముందే తెరేసమ్మ మేడమీద వడియాలు పెట్టడం, అల్లుడు కాఫీ గ్లాసుతో పైకి రావడం, ఆవిడ విసుక్కోవడం కొండపల్లిలో ఆ ఇంట రోజూ ఉండే తంతే.

"అల్లుడుగారూ, కాస్త ఆ పిట్టగోడ వైపు జరగండి. మీ బంతి నీడ వడియాలమీద పడుతోంది."

రెంజో జరిగేవాడు. అతనితోపాటు, కొబ్బరిచెట్టంత ఎత్తున గాలిలో నిలిచిన తెల్ల ఫుట్‌బాలూ జరిగేది.

ఒకప్పుడు ఇటలీలో రెంజో అంటే గోల్‌కీపర్లకు హడలు. బంతి అతని కుడికాలికి తగిలిందంటే వల కదలాల్సిందే. ఆ ఒక్క కాలిమీదే ఓ చిన్న ఊరి జట్టు ఏళ్ల తరబడి పెద్ద జట్ల సరసన నిలబడింది. ఒక ఏడాది ఆఖరి మ్యాచ్‌లో, ఆఖరి నిమిషంలో పెనాల్టీ దొరికింది. గోల్ అయితే జట్టు నిలుస్తుంది, లేదంటే కింది లీగుకు పోతుంది. రెంజో కొట్టాడు. బంతి పైకి లేచింది. మరి కిందికి రాలేదు. రిఫరీ చీకటిపడేదాకా మెడెత్తుకు చూసి, విసుగెత్తి ఇంటికి పోయాడు. జట్టు ఎలాగూ కిందికి పోయింది. ఆ తర్వాత రెంజోను తీసుకున్న జట్టల్లా నెల తిరక్కుండా వదిలించుకుంది. అతనెక్కడుంటే బంతీ అక్కడే. మైదానంలో రెండు బంతులు పెట్టుకుని ఆట ఎలా ఆడతారు మరి? అలా ముగిసింది ఆ కెరీర్. గెలిపించాడని మెచ్చుకున్నవాడూ లేడు, ఓడించాడని తిట్టినవాడూ లేడు. తిట్టినా బాగుండేది పాపం.

మోకాలి ఆపరేషన్‌కు చేరిన ఆసుపత్రిలో అక్కడే నర్సుగా చేస్తున్న తెరేసమ్మ కూతురు డయానా పరిచయమైంది. పెళ్లయింది. అక్కడి చలి డయానాకు పడక ఇద్దరూ ఇటు వచ్చేశారు. వెనకే బంతీ వచ్చింది. రెంజోకు తెలుగు వచ్చింది, బందరు లడ్డు మీద మోజు వచ్చింది, షుగరూ వచ్చింది. ఆశ మాత్రం పోలేదు. బంతి దిగి వస్తే నేలను తాకకముందే ఒక్క తన్ను తన్నాలి, అంతే. అందుకోసం కుడికాలికి రోజూ నువ్వులనూనె పట్టించేవాడు.

పిచ్చిపని చేసింది డయానాయే. బంతి దిగితే భర్తను చెప్పుల్లేకుండా గుణదల కొండ ఎక్కిస్తానని మొక్కుకుంది. అక్కడితో ఆగినా పోయేది. మొక్కు ముందే తీర్చేస్తే మేరీమాత ఇక కాదనలేదని, తిరునాళ్లలోనే ఎక్కించింది. షుగరు కాళ్లకు స్పర్శ ఉండదని నర్సుకు ఎవరు చెప్పాలి? భక్తులు కొట్టిన కొబ్బరికాయ పెంకొకటి రెంజో కుడి అరికాలిలో దిగింది. అతనికి తెలియనే లేదు. దాన్ని కాల్లోనే మోసుకుంటూ పైన శిలువదాకా ఎక్కి, నవ్వుతూ దిగాడు.

మాత మాట తప్పలేదు. కాలు నల్లబడేకొద్దీ బంతి దిగుతూ వచ్చింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో చేర్చారు. డాక్టర్ రమాసుందరి కట్టు విప్పి చూసి, డయానాను పక్కకు పిలిచింది.

"మోకాలి పైదాకా తీసెయ్యాలమ్మా. ఇవాళే. రేపంటే నా పూచీ లేదు."

రెంజో వినేశాడు. "నాలుగు రోజులు ఆగమను. అదిగో, కిటికీ దాకా వచ్చేసింది," అన్నాడు జ్వరంతో వణుకుతూ. నిజమే. అద్దం అవతల, ట్రాఫిక్ హోరు మీద బంతి మెల్లగా దిగుతోంది.

"నాలుగు రోజులు నువ్వుండవు," అంది డయానా.

"పోతే పోతాను. కాలుతో పోతాను."

"నాకు కాలెందుకయ్యా? మనిషి కావాలి."

మధ్యాహ్నానికి అతను స్పృహ తప్పాడు. డయానా సంతకం పెట్టింది. రెండోసారి ఆలోచించలేదు. ఆలోచించనందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

లోపల ఆపరేషన్ జరుగుతుంటే ఆమె వరండా కిటికీ దగ్గర నిలబడింది. అప్పటికే నేలకు జానెడు ఎత్తుకు దిగిన బంతి ఉన్నట్టుండి ఎవరో బలంగా తన్నినట్టు ధన్‌మని లేచి, ఫ్లైఓవర్ మీదుగా పడమటికి పోయింది.

మర్నాడు పొద్దున రెంజోకు కాలు తీసేసిన సంగతి చెప్పారు. విని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం ఇటలీ నుంచి ఫోన్ వచ్చింది. ఆనాటి పెనాల్టీకి ఎదురుగా నిలబడ్డ గోల్‌కీపర్, ఇప్పుడు ముసలివాడు.

"బంతి వచ్చి ఆ పాత మైదానంలోనే పడిందమ్మా. కానీ ఇక్కడ గోల్ స్తంభాలు పీకేసి ఎన్నేళ్లో అయింది. ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. లోపల పడిందో, బయట పడిందో చెప్పలేను."

డయానా ఫోన్ పెట్టేసింది. రెంజో ఇటు తిరిగి, ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"లోపలే పడిందట," అంది.

రెంజో ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ పైకెత్తాడు. దుప్పటి తోసేసి, గోల్ కొట్టినప్పుడల్లా పరుగెత్తినట్టే పరుగెత్తబోయి, అలవాటుగా ముందు కుడికాలు కింద పెట్టబోయాడు.

మనిషి బరువంతా డయానా మీద పడింది. ఇద్దరూ మంచం పక్కనే కూలబడ్డారు. చప్పుడుకి ఆయా పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏమైందమ్మా?"

"మా ఆయన గోల్ కొట్టాడమ్మా," అంది డయానా, అతని తల గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడుస్తూ.