ఆర్వన్ లెక్కలో ఒక ఓటు

పుత్తూరు నియోజకవర్గాన్ని తెల్లదొరలు ఎత్తుకుపోయారని చిన్నబ్బ చెబితే టీ బంకు దగ్గర కనీసం నలుగురు నమ్మారు. రెబెకా వేల్స్‌లో ఓటేసిందని చెబితే మాత్రం ఒక్కడూ నమ్మలేదు. మొదటిది పచ్చి అబద్ధం, రెండోది పచ్చి నిజం. జీవితమంతా ఎన్నికల ప్రచారం మైకు పట్టుకుని బతికిన మనిషికి ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే.

చిన్నబ్బ ఏ పార్టీ మనిషీ కాదు. మైకు ఎవరిదైతే ఆ పూటకు వాళ్ళ మనిషి. పొద్దున ఒకాయన్ని ‘మీ ఇంటి బిడ్డ’ అని, సాయంత్రం ఆయన మీద నిలబడ్డవాణ్ని ‘మీ ఇంటి బిడ్డ’ అని, అదే వీధిలో అదే గొంతుతో చెప్పి వచ్చేవాడు. ఒకసారి వడమాలపేటలో ‘ఆగండి, ఆలోచించండి’ అని అరిస్తే రేణిగుంట జంక్షన్లో మద్రాసు బండి ఆగిపోయిందట. డ్రైవరు కిందికి దిగి, బాగా ఆలోచించి, ఆ తర్వాతే బండి తీశాడట. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “మైకును కట్టుకున్నా గదప్పా, అది మాట్లాడతా ఉంటే ఇంకొకరు మాట్లాడేదానికి సందు యాడ?” అనేవాడు.

ఆ మైకు నోరు మూయించింది రెబెకా ఒక్కతే.

అప్పట్లో ఆమె పుత్తూరులో ఒక ఆస్పత్రిలో నర్సు. ఒక ఎన్నికల్లో చిన్నబ్బ జీపు సరిగ్గా ఆస్పత్రి గేటు ముందు నిలబడి గోల చేస్తుంటే తెల్ల చీరలో బయటికొచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

“లోపల ఉండేది మనుషులయ్యా, ఓట్లు కాదు. ఆపు!”

“ఓటుండేది మనుషులకే గదా డాక్టరమ్మా.”

“నేను డాక్టర్ని కాదు. సిస్టర్ని.”

“ఊరంతా ఆ మాట అననీ. నా నోట్లో మాత్రం రాదు.”

ఆమె కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించి, కుదరక, పెదవి కొరుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి జీపు ఆస్పత్రి గోడ దాటేదాకా మైకు పలికితే ఒట్టు. పక్కన కూర్చున్న అభ్యర్థి, “లోపల అన్ని ఓట్లుంటే ఆపుతావేమిరా?” అని పళ్ళు నూరితే, “బ్యాటరీ దిగిపోయింది సార్” అనేవాడు. పుత్తూరులో ఎన్ని ఎన్నికలు జరిగాయో అన్నిసార్లూ ఆ బ్యాటరీ అక్కడే దిగిపోయింది. పోలింగు నాడు ఆమె ఆస్పత్రి కిటికీలోంచి ఎడమచేతి చూపుడువేలు ఎత్తి సిరా చుక్క చూపించేది. గేటు బయట నుంచి అతనూ తన వేలు చూపించేవాడు. వాళ్ళిద్దరి మధ్యా జరిగిందంతా అంతే. దాంతోనే చిన్నబ్బ మరో ఐదేళ్ళు హాయిగా నెట్టుకొచ్చేవాడు.

తల్లి పోయాక రెబెకాకు బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. బాంగర్ అనే ఊరు. పుత్తూరులో ఆమెకు ఇక మిగిలింది ఏముంది, గేటు దగ్గర మైకు ఆపే మనిషి తప్ప? ఆ మనిషి ‘పోవద్దు’ అని మైకులో కాదుగదా, ఉత్త గొంతుతో కూడా అనలేకపోయాడు. “ఆడ చలంట, రగ్గు మర్చిపోవద్దు” అన్నాడు. మూడు నియోజకవర్గాలను ఊపిన గొంతు ఆ ఒక్క రగ్గు దగ్గర ఆగిపోయింది.

అయినా తాడు తెగలేదు. బస్టాండు వెనక కాశిం సాహెబ్‌కు ఎస్టీడీ బూత్ ఉండేది. ఇక్కడ ఎన్నికలు వచ్చినా, అక్కడ ఎన్నికలు వచ్చినా రెబెకా ఆ నంబరుకు ఫోన్ చేసేది. కాశిం సాహెబ్ గాజు తలుపు తీసి, “చిన్నబ్బా, నీ వోటరు!” అని బజారంతా వినేలా కేకేసేవాడు.

రెండువేల తొమ్మిదిలో సీట్లన్నీ మళ్ళీ విడగొట్టి పుత్తూరు నియోజకవర్గాన్ని తీసేశారు. పుత్తూరును నగరిలో కలిపారు, పక్కనే ఉన్న నారాయణవనం సత్యవేడుకు పోయింది. ప్రపంచంలో ఎవరి ఎముక విరిగినా కట్టు కట్టే ఊరికి, తాను విరిగితే కట్టు కట్టేవాడు లేకపోయాడు. ఆ ఎన్నికల్లో మొదటి రోజు మైకు అందుకుని చిన్నబ్బ అలవాటుగా “పుత్తూరు నియోజకవర్గ ప్రజలారా!” అనేశాడు. జనం గొల్లుమన్నారు. మల్లెపూల గంప దించుకుని కూర్చున్న నాగులమ్మ మాత్రం నవ్వలేదు. “ఇంకోసారి అను నాయనా, బాగుండాది” అంది.

మరుసటేడు మే నెలలో రెబెకా ఫోన్ చేసింది.

“చిన్నబ్బా, ఈరోజు నేను ఓటేసినా! మన పాస్‌పోర్టుతోనే. ఈడ ఉంటే మనక్కూడా ఓటు ఇస్తారు. దారానికి కట్టిన పెన్సిలుతో గీత గీసి డబ్బాలో వేసినా.”

“పెన్సిలా? రబ్బరు పెట్టి తుడిపేస్తే?”

“ఈడ ఎవురూ తుడపరు, నీ మాదిరి మనుషులు లేరు గదా. సిరా కూడా పెట్టరు తెలుసునా? నాకు ఓటేసినట్టే లేదు. డ్యూటీకి పోయే ముందు బాల్‌పెన్నుతో నేనే వేలికి చుక్క పెట్టుకున్నా.”

చిన్నబ్బ గాజు గది లోపలే తన ఎడమచేతి వేలు ఎత్తి చూసుకున్నాడు.

“మీ సీటు పేరేమి?”

“ఆర్వన్. ఇప్పుడే కొత్తగా ఏర్పాటు చేసినారు.”

“అదేంది! మా పుత్తూరు ఇట్ల పోతానే మీకు కొత్త సీటు వచ్చిందా? ఎత్తుకుపోయింది మీరేనన్నమాట!”

రెబెకా చాలాసేపు నవ్వింది. తర్వాత, “లెక్క బయటికొచ్చినాక పేపర్లో చూడు. అందులో ఒకటి నాది” అంది.

అదే ఆఖరు ఫోను. అందరి చేతుల్లోకీ సెల్లులు వచ్చాయి, కాశిం సాహెబ్ బూత్ మూసేశాడు, లైను పీకేశారు. ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క నంబరే. ఆమె నంబరేమిటో చిన్నబ్బ ఏనాడూ అడగలేదు. ఆమే చేస్తుంది గదా అనుకున్నాడు.

బూత్ ఉన్నచోటే ఇప్పుడు కాశిం సాహెబ్ కూతురు నిలోఫర్ నెట్ సెంటరు నడుపుతోంది. బ్రిటన్‌లో ఎన్నికలు వచ్చినప్పుడల్లా చిన్నబ్బ ఆమె ముందు కూర్చుని ఆర్వన్ ఫలితం తీయమనేవాడు. మొదటిసారే ఒక గట్టి కోరిక కోరాడు.

“పోలింగు బూత్‌ల ప్రకారం తియ్యి పాపా. ఆస్పత్రి దగ్గరుండే బూత్‌లో ఎన్ని పడినాయో సూస్తే మనిషి దగ్గరికొచ్చేస్తాం.”

మన దగ్గర ప్రతి పోలింగు కేంద్రం లెక్కా విడిగా తెలుస్తుంది. ఏ వీధి ఎవరికి గుద్దిందో చిన్నబ్బ నిద్రలో కూడా చెప్పగలడు. నిలోఫర్ వెతికి వెతికి తల అడ్డంగా ఊపింది. “ఆడ అట్ల చెప్పరంట మామా. అన్నీ ఒకటిగా కలిపేసి లెక్కపెడతారంట.”

అతను ముఖం ముడుచుకుని, చివరికి ఒక మెట్టు దిగాడు. “సరే, మొత్తమే చెప్పు. యాడో ఒకచోట ఉంటాది గదా.”

రెండువేల పదిహేడులో ఆర్వన్‌లో గెలుపు తొంభైరెండు ఓట్లతోనే తేలింది. ఆ వారమంతా టీ బంకు దగ్గర చిన్నబ్బను పట్టలేకపోయారు. “ఆయమ్మ వేసినోళ్ళే గెలిచినారు. ఇంకొక తొంభైయొక్క మంది కొంచెం సాయం చేసినారు, అంతే” అన్నాడు. ఎవరూ నమ్మలేదు. అతనికీ తెలియదు ఆమె ఎవరికి వేసిందో. కానీ వేసింది గదా. వేసిందంటే ఉంది గదా. అతనికి కావలసింది అదే. ఎవరు గెలిచినా ఓడినా, ఆ మొత్తంలో ఒకటి రెబెకా. ఆ అంకె తెరమీద కనిపించినంత సేపూ ఆమె కిటికీలోంచి వేలు చూపించినట్టే ఉండేది.

రెండువేల ఇరవై నాలుగు జూలైలో, అక్కడ ఫలితాలొచ్చే శుక్రవారం మధ్యాహ్నం వేళ, చిన్నబ్బ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కాశిం సాహెబ్ నమాజుకు వెళ్ళడానికి టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాడు.

“ఏమప్పా, పెండ్లిచూపులకా?” అన్నాడు.

“నీకేం తెలుసు సాయిబూ, లెక్కింపు రోజు ఏజెంటు నీటుగా ఉండాల.”

నిలోఫర్ కంప్యూటర్లో కొట్టింది. మళ్ళీ కొట్టింది. కళ్ళజోడు సరిచేసుకుంది.

“ఏమి పాపా, ఇంకా రౌండ్లు జరుగుతా ఉండాయా?”

“రౌండ్లు కాదు మామా.” ఆమె అతని వైపు తిరగలేదు. “ఆర్వన్ ల్యాదు.”

“ల్యాదంటే?”

“సీటు తీసేసినారంట. పోయినసారిదే ఆఖరు.”

కాశిం సాహెబ్ ఏదో ఎగతాళి చేయబోయి చిన్నబ్బ ముఖం చూసి ఆగిపోయాడు. చిన్నబ్బ చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని తెరను చూస్తున్నాడు. ఫ్యాను గాలికి బల్లమీద జిరాక్సు కాగితాలు రెపరెపలాడాయి.

“మన పుత్తూరు మాదిరేనా?” అన్నాడు. గొంతు బాగా చిన్నదైపోయింది.

“మన మాదిరే. ముక్కలు చేసి పక్క సీట్లలో కలిపినారు.”

“బాంగర్ యాడ పడినాది?”

నిలోఫర్ వెతికింది. “అబర్‌కాన్వీ అనే సీటుతో కలిపి, రెండు పేర్లూ పెట్టినారు. బాంగర్ అబర్‌కాన్వీ.”

“మంచోళ్ళే. మనకు పేరన్నా మిగల్చలేదు.” కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “ఆ సీటులో మొత్తం ఎన్ని పోలైనాయి?”

“నలభై వేల పైనే ఉండాయి మామా.”

“ఆర్వన్‌లో ముప్పై వేలకు లోపలే ఉండె గదా.” చిన్నబ్బ నవ్వడానికి చూశాడు. “సూడు సాయిబూ, నాకేమో చూపు తగ్గతా ఉండాది, వాళ్ళేమో జనాన్ని పెంచతా ఉండారు. ఇంతమందిలో యాడని వెతికేది?”

కాశిం సాహెబ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “ఆ ఫోను నేను పీకనీకుండా ఉండాల్సింది చిన్నబ్బా.”

“నువ్వు పీకిందేముంది. ఆ లైను మీద కాకులు వాలి వాలి బరువుకు అదే తెగిపోయినాది. నేను సూస్తిని గదా.”

నిలోఫర్ మెల్లగా అంది, “మామా, ఎన్నిసార్లని ఈ లెక్కలు చూస్తావు? ఫేస్‌బుక్‌లో పేరు కొట్టి వెతుకుదామా? దొరకొచ్చు.”

చిన్నబ్బ వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు, ఆమె అప్పుడే కొట్టేస్తుందేమో అన్నట్టు. “వద్దు పాపా. దొరక్కపోతే? ల్యాదని తెలిస్తే? ఓట్లలో అయితే ఎప్పుడూ ఉన్నట్టే లెక్క.”

ఆమె కొంచెం ఆలోచించి బాంగర్ పేరు కొట్టి ఎన్నికల వార్తల వీడియో ఒకటి తెరిచింది. “కనీసం ఊరన్నా సూడు.”

సన్నటి వాన పడుతోంది. గొడుగు కింద విలేకరి గట్టిగా, ఆపకుండా చెప్పుకుపోతోంది. ఎవరు గెలిచారో, ఎందుకు గెలిచారో, చిన్నబ్బకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆమె గొంతులోని ఊపు మాత్రం అర్థమైంది. తన వృత్తే. ఆమె వెనక ఒక పెద్ద గేటు, గేటు లోపల పొడవాటి మేడ, తడిసిన దారి.

“ఇది ఆస్పత్రే మామా,” అంది నిలోఫర్ బోర్డు చదివి. “ఆస్పత్రి ముందర నిలబడి చెప్తా ఉండాది.”

చిన్నబ్బ లేచి నిలబడ్డాడు. కళ్ళు తెరమీంచి తీయకుండా చెయ్యి చాచాడు.

“సౌండు తీసెయ్యి పాపా.”

“ఎందుకు మామా?”

“తీసెయ్యి. ఆస్పత్రి గేటు దగ్గర మైకు ఆపాల.”

నిలోఫర్ మీట నొక్కింది. విలేకరి పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆమె వెనక, వానలో, డ్యూటీ దిగినవాళ్ళూ ఎక్కేవాళ్ళూ తలలు వంచుకుని వస్తూ పోతున్నారు. వీడియో అయిపోతే నిలోఫర్ అడక్కుండానే మళ్ళీ పెట్టింది. మసీదు నుంచి పిలుపు వినిపించినా కాశిం సాహెబ్ లేవలేదు. చిన్నబ్బ తెరకు దగ్గరగా వంగి, ఆ గేటులోంచి బయటికొచ్చే ఒక్కొక్క ఆడమనిషినీ చూస్తూ, ఎప్పటిలాగే తన ఎడమచేతి చూపుడువేలు కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.