బెజ్జం మూసిన ఫ్లాపీ

లేత్ మిషన్ తెర మీద మళ్ళీ ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఫ్లాపీ చదవలేకపోతున్నానంటోంది. అనూరాధ చూపు తిన్నగా ఎల్లాజీ మీదికి పోయింది.

ఆటోనగర్‌లో ఆ షెడ్డు అనూరాధ వాళ్ళ నాన్న పెట్టింది. పడవల ఇంజన్లకు షాఫ్టులు కోసే ఆ పాత మిషన్‌కు ఫ్లాపీ తప్ప మరో దారి తెలియదు. అనూరాధ ఆఫీసు కంప్యూటర్‌లో కొలతలు రాసి ఫ్లాపీకి ఎక్కిస్తే, ఎల్లాజీ మిషన్‌లో పెట్టి నడుపుతాడు. ఈమధ్య ఎక్కించినవన్నీ వారం తిరక్కుండానే పాడైపోతున్నాయి.

"అక్కా, ఎల్లాజీ ఆ గుణశేఖర్‌తో టీ తాగతన్నాడు. నాను సూసాను," అన్నాడు తమ్ముడు నవీన్. గుణశేఖర్‌ది వెనక వీధి షెడ్డు. అతనిదీ ఇదే పని.

"తాగితే ఏటి?"

"మన కొలతలు ఆడికిచ్చేసి, ఇక్కడ చెరిపేత్తన్నాడేమో!"

ఆ మాట ఆమెను పట్టుకుంది. ఎల్లాజీ క్యారేజీ ఎక్కడ పెడుతున్నాడు, ఫోన్ వస్తే బయటికెందుకు పోతున్నాడు, అన్నీ గమనించసాగింది. ఇనప రజను ఏరడానికి అతని జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉంటుంది. ఫ్లాపీ దగ్గరికి అయస్కాంతం పోతే రాసిందంతా పోతుందని ఆమెకు తెలుసు.

"అదిలా ఇయ్యి ఎల్లాజీ."

ఎల్లాజీ ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. ఏమీ అడక్కుండా తీసి చేతిలో పెట్టాడు.

తర్వాత ఆమె ఒకే కొలతలు రెండు ఫ్లాపీలకు ఎక్కించింది. ఒకటి ఎల్లాజీకిచ్చి, రెండోది ఇంట్లో బీరువాలో దాచి తాళం వేసింది. అనుకున్నట్టే ఎల్లాజీ దగ్గరున్నది కొన్నాళ్ళకు పాడైంది.

"ఎవుడికమ్ముకున్నావు?" నవీన్ అందరి ముందూ అరిచాడు.

ఎల్లాజీ గుడ్డతో చేతులు తుడుచుకుని, క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాడు. అనూరాధ ఆపలేదు.

పని ఆగకూడదని మర్నాడు బీరువాలోది తెచ్చి మిషన్‌లో పెట్టింది. మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు. దాన్ని ఎల్లాజీ ముట్టుకోలేదు.

నాన్న కాలం నాటి ఫ్లాపీ ఒకటి వెతికి పెడితే ఇట్టే చదివింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. పాతదానికి ఒక మూలే బెజ్జం ఉంది. కొత్తదానికి రెండు మూలలా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద నల్ల టేపు అంటించి ఉంది.

"ఈ టేపు ఏట్రా?"

"పాతరకం దొరకటం నేదక్కా. కొత్తవి మన మిషన్ తీసుకోదు. బెజ్జం మూసేత్తే తీసుకుంటాదని నెట్‌లో సూసి నానే అంటించేను."

పాలిటెక్నిక్‌లో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. పాత ఫ్లాపీలో పట్టేది ఏడువందల ఇరవై కేబీ. కొత్తదానిలో అంతకు రెట్టింపు. అంత దగ్గరదగ్గరగా రాయడానికి దాని పూతే వేరు. గట్టి అయస్కాంత బలంతో రాస్తేనే నిలుస్తుంది. బెజ్జం మూసేసరికి కంప్యూటర్ అది పాతరకమనుకుని తక్కువ బలంతో రాసింది. ఆ రాత కొన్నాళ్ళకే చెదిరిపోయింది.

సాయంత్రం ఎల్లాజీ ఉండే జాలరిపేట వెళ్ళింది. అతను ఒడ్డున పడవ ఇంజను విప్పుతున్నాడు. ఆమె జరిగింది చెప్పి, "తప్పు మాదే. నవీన్ చేత అందరి ముందూ చెప్పిస్తాను, వచ్చెయ్యి," అంది.

"గుణశేఖర్ పనికి రమ్మన్నాడమ్మా. రానన్నాను. ఆ టీ కత అంతే."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అయస్కాంతం అడిగేవు, ఇచ్చేను. ఇదడగనేదు." స్పానర్ కింద పెట్టాడు. "ఇప్పుడు ఆడికి వత్తానని మాటిచ్చేసేను."

ఆమె తిరిగి వస్తుంటే, మన కొలతలన్నీ ఇతనికి కంఠతా వచ్చు కదా, రేపు అక్కడ చెప్పేస్తే, అన్న ఆలోచన మెదిలింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు. ఇల్లు చేరేదాకా వెంట వచ్చింది.