వరిగడ్డిలో పెట్టిన గొంతు

వరలక్ష్మి గురించి ఎవరు రాసినా మద్రాసు నుంచే మొదలుపెడతారు. సెంట్రల్ స్టేషన్లో దిగిన రోజు, మొదటి క్యాసెట్టు, బెంగుళూరులో కరెంటు పోతే మైకు లేకుండానే పాట పూర్తి చేసిన సంగతి. అదంతా తర్వాతి మాట. ఆ గొంతు మొట్టమొదట విన్నవాళ్లలో నేనొకణ్ణి కనుక నా లెక్క నూజివీడులో మొదలవుతుంది.

పుట్టగానే ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకి హనుమాన్ జంక్షన్ వెళ్లే బస్సు ఆగింది. వెనక లారీ హారన్ కొడుతోందనుకుని డ్రైవరు పక్కకి తీసి దారిచ్చాడు. ఎంతసేపు చూసినా లారీ రాలేదు. దిగొచ్చి మా శేషగిరిరావు కొట్టు ముందు నిలబడి, "లోపల ఏం బిగించారండీ" అని అడిగాడు. "ఆడపిల్లండీ" అన్నాను నేను. నమ్మకపోతే మానండి. ఆ డ్రైవరు పోయి చాలా కాలమైంది, వెళ్లి అడుగుదామన్నా కుదరదు.

శేషగిరిరావు మామిడికాయల వ్యాపారి. ముందు కొట్టు, వెనక ఇల్లు, పక్కన కాయలు మాగబెట్టే గోదాము. నేను అతని దగ్గర దళారీని. రైతుల్ని తీసుకురావడం, నాలుగు కబుర్లు చెప్పి కూర్చోబెట్టడం నా పని. కబుర్లు అతనికి చేతకావు. రోజంతా అతను మాట్లాడే మాటలు పోస్టుకార్డు మీద రాస్తే అడ్రసుకే కాదు, ఇంట్లోవాళ్ల క్షేమసమాచారాలకి కూడా చోటు మిగిలేది.

మాటలతో అతనికి అవసరమూ లేదు. మా బేరాలన్నీ తువ్వాలు కిందే. రైతు చెయ్యీ వ్యాపారి చెయ్యీ కలిపి పైన తువ్వాలు కప్పుతారు. నొక్కిన వేళ్లని బట్టి ధర. అరచేతిలో గోటితో గీరితే కుదరదని అర్థం. చెయ్యంతా కలిపి గట్టిగా పట్టుకుంటే ఖాయమైనట్టు. ఖాయమయ్యాక పక్కవాడొచ్చి ఎంత ఎక్కువిస్తానన్నా వెనక్కి పోయేది లేదు. చుట్టూ ఊరంతా మూగినా ఆ గుడ్డ కింద ఏం నడిచిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది.

అలాంటి మనిషికి అలాంటి గొంతున్న కూతురు. అయినా ఇద్దరికీ బాగానే కుదిరింది. రిబ్బను కావాలన్నా, జీళ్లు కావాలన్నా ఆ పిల్ల నోరు తెరిచేది కాదు. తండ్రి పక్కన కూర్చుని చెయ్యి మెల్లగా తువ్వాలు కిందకి దూర్చేది. అతను మొహంలో ఏమీ కనపడనివ్వకుండా కొంచెంసేపు గీరి, చివరికి చెయ్యి నొక్కేవాడు. అతను ఓడిపోయిన బేరాలు నా ఎరికలో అవే.

మిగతా అరుపంతా తోటలో అరిచేది. విస్సన్నపేట దారిలో వాళ్లకో రసాల తోట ఉండేది. కాయ పండే రోజుల్లో మంచె ఎక్కి చిలకల్ని తోలడం వరలక్ష్మి పని. డబ్బా కొట్టమని ఇస్తే పక్కన పెట్టేసి నోటితోనే కేకేసేది. ఆ ఒక్క కేకకి మా చిలకలు లేచి జి. కొండూరు పోయి వాలేవి. మీ చిలకల్ని మీరే మేపుకోండని అక్కడి రైతులు మా మీద పంచాయతీకి కూడా వచ్చారు. నేనే సర్ది చెప్పి, తలో బుట్ట కాయలిచ్చి పంపాను.

ఆ కేకలతోనే గొంతు గరుకు తేలింది. సంగీతం నేర్పడానికి వచ్చిన సత్యవతి గారు వారం తిరగకుండానే ఫీజు వదులుకుని వెళ్లిపోయారు. "ఈ పిల్ల గొంతులో ఇసకుందండీ" అన్నారు వాకిట్లో చెప్పులేసుకుంటూ. తర్వాత మద్రాసు పేపర్లవాళ్లు పొగిడింది ఆ ఇసకనే.

బెజవాడ కాలేజీలో చదువుతుండగా గుణదల కుర్రాడు బాలశౌరి పరిచయమయ్యాడు. గిటారు వాయిస్తాడు, జుట్టు భుజాల మీదకి ఉంటుంది, మనిషి నెమ్మదస్తుడు. కాలేజీ ఫంక్షనులో అతను వాయిస్తే ఈమె పాడింది. ఎనభై మూడులో, బ్యాండు పెడుతున్నాం, మద్రాసు వెళ్తానంది. అడగడం ఎప్పటిలాగే అడిగింది. కొట్లో తండ్రి పక్కన కూర్చుని తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చింది. నేను ఎదురుగానే ఉన్నాను. శేషగిరి మొహంలో ఏమీ లేదు. వరలక్ష్మి మాత్రం అరచెయ్యి ఒకసారి చూసుకుని లేచి వెళ్లింది. గీరినట్టున్నాడు. మర్నాడు సాయంత్రం రైలెక్కింది.

అప్పణ్ణించి అతను కూతురితో మాట్లాడలేదు. ఉత్తరాలొస్తే అతని భార్య సుబ్బరత్నమ్మ పైకి చదివేది, అతను త్రాసు గొలుసులు సవరించుకుంటూ వినేవాడు. క్యాసెట్టు వచ్చిందని, బొంబాయిలో పాడిందని, పేరు లక్కీ అని మార్చారని ఇలా ఒక్కొక్కటీ తెలుస్తూ వచ్చింది. ఒకసారి పేపర్లో ఫోటో పడింది. పాత పేపర్లు మేము కాయల బుట్టల అడుగున పరుస్తాం. ఆ పేపరు ఏ బుట్టలోకీ పోలేదు. ఎటు పోయిందో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

వాళ్లు పాడే రాక్ పాటంటే ఏంటని ఊళ్లో అందరూ నన్నే అడిగేవాళ్లు. "గాలివాన ముందు తోటలో నుంచున్నట్టు ఉంటుంది" అని చెప్పేవాణ్ణి. "కాకపోతే అక్కడ రాలేది కాయలు కాదు, మనుషులు."

ఎనభై ఏడు వేసవిలో వరలక్ష్మి ఇంటికొచ్చింది. చేతిలో పలక, మెడలో చీటీ. గొంతులో ఆవగింజలంత కాయలు లేచాయట. మూడు నెలలు నోరు విప్పకూడదు, గుసగుస కూడా పనికిరాదు, విప్పితే ఆ గొంతు ఇక పాటకి రాదని డాక్టరు చెప్పాడు. కాయలంటే శేషగిరికి తెలియని కాయల్లేవు కానీ, ఇవి మాత్రం అతని లెక్కలోకి రాలేదు. చీటీ చదివి వదిలేసి, కొట్లోకి వెళ్లిపోయాడు.

సుబ్బరత్నమ్మ నా దగ్గర మొరపెట్టుకుంది. "ఒకరు మాట్లాడకూడదు, ఒకరు మాట్లాడరు. ఈ ఇంట్లో నేను గోడలకి వడ్డించి గోడలతో మాట్లాడుకోవాలి కాబోలు అన్నయ్యగారూ."

"నాతో మాట్లాడమ్మా. నేను ఇద్దరి తరఫునా జవాబు చెప్తాను" అన్నాను.

"మీరు ఇద్దరి తరఫునా అబద్ధాలు చెప్తారు" అంది.

కొన్నాళ్లు అలాగే గడిచింది. వరలక్ష్మి పలక మీద ఏదో రాసి తండ్రి ముందు పెట్టేది. అతను కళ్లజోడు కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం గోదాములో బంగినపల్లి కాయలు వరిగడ్డిలో వరసలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి, శేషగిరి గట్టు మీద కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలుంది. వరలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది. పలక తేలేదు. చెయ్యి తువ్వాలు కిందకి వెళ్లింది.

నేను చూపు ఎత్తకుండా కాయలు ఏరుతున్నాను. కాసేపటికి ఆ గుడ్డ మీద ముడతలు కదిలాయి. ఇటొకసారి, అటొకసారి. ఏం అడిగిందో, ఇతనేమన్నాడో తెలియదు. సాయంత్రం మాత్రం శేషగిరి బజారుకి వెళ్లి జీళ్లు తెచ్చాడు. పాతికేళ్లు దాటిన ఆడపిల్లకి.

ఆ తర్వాత రోజూ అదే వరస. మాట లేకుండానే ఇంట్లో సందడి మొదలైంది.

మే నెల చివర్లో బాలశౌరి వచ్చాడు. ఎండలో నడిచొచ్చి, ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే విషయం చెప్పాడు.

"జూన్లో బెజవాడలో ప్రోగ్రామండీ. ఎప్పుడో ఒప్పుకున్నది. టిక్కెట్లు అమ్ముడుపోయాయి."

"డాక్టరొద్దన్నాడుగా బాబూ" అంది సుబ్బరత్నమ్మ.

"ఇంకో డాక్టరున్నాడండీ. ముందు ఇంజక్షన్ చేస్తే రెండు గంటలు గొంతు పలుకుతుందంట."

"ఆ రెండు గంటలూ అయ్యాకో?"

బాలశౌరి గ్లాసులోకి చూశాడు. "అది ఆయన చెప్పలేదండీ. నేను బలవంతం చెయ్యను. కాకపోతే ప్రోగ్రాం పెట్టినవాళ్లు మద్రాసు నుంచి ఇంకో అమ్మాయిని తెస్తామంటున్నారు. ఆ అమ్మాయి ఒకసారి మైకు పట్టుకున్నాక మళ్లీ వరలక్ష్మికి ఇస్తారో ఇవ్వరో నా చేతుల్లో లేదండీ. అది చెప్పకుండా దాస్తే తప్పని వచ్చాను."

వరలక్ష్మి అప్పటికే పలక మీద రాసేసింది. 'వస్తాను.' ఆ అక్షరాలు రాసేటప్పుడు బలపం విరిగింది.

శేషగిరి త్రాసు దగ్గర నుంచి లేచాడు. "కార్బైడా?" అన్నాడు.

"ఏంటండీ?"

"ఆ ఇంజక్షను. కార్బైడా అని అడుగుతున్నా."

కుర్రాడు నా వైపు చూశాడు. మా వీధిలో కొందరు కార్బైడు పొట్లాలు బుట్టలో పెట్టి ఆదరాబాదరాగా పచ్చికాయకి పసుపు తెప్పిస్తారనీ, పైన రంగే తప్ప లోపల మాగదనీ, ఎల్లుండికల్లా నల్లబడుతుందనీ, ఆ పొట్లం శేషగిరి గుమ్మం దాటి లోపలికి రాలేదనీ చెప్పాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

శేషగిరి కుర్రాణ్ణి గోదాములోకి తీసుకెళ్లాడు. మేమంతా వెనకే వెళ్లాం. లోపల వెచ్చగా, తియ్యటి వాసన. బాలశౌరి ఊరికే ఉండలేక, ఎంత పండాయో చూద్దామని గడ్డి తియ్యబోయాడు. శేషగిరి గభాల్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యమాక. మధ్యలో తీసి చూసిన కాయ మాగదు."

పట్టుకున్న చెయ్యి వదల్లేదు. భుజం మీద తువ్వాలు లాగి రెండు చేతుల మీదా కప్పాడు.

"ఇదేంటండీ?" అన్నాడు బాలశౌరి కంగారుగా.

"బేరం" అన్నాను. "వేలికి ఒక నెల అనుకో. ఒప్పుకుంటే చెయ్యంతా నొక్కు. కుదరకపోతే గీరు. పైకి మాత్రం చెప్పకూడదు."

"నాలుగు నెలలా?"

"పైకి చెప్పకూడదన్నానా?"

జూన్ నుంచి నాలుగు నెలలంటే దసరా. కుర్రాడి మొహాన చెమట పట్టింది. అవతల ప్రోగ్రాం పెట్టినవాళ్లున్నారు, బ్యాండులో మిగతావాళ్లున్నారు. గీరడానికీ మనసు రావడం లేదు, నొక్కడానికీ ధైర్యం చాలడం లేదు. శేషగిరి అతని కళ్లలోకి చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి పట్టు సడలించాడు.

"నేను బేరం చెయ్యకూడదోయ్" అన్నాడు. "సరుకు నాది కాదు."

గుమ్మం దగ్గర వరలక్ష్మి నుంచుని ఉంది. పలక గుండెకి ఆనించుకుని ఉంది. రాసింది చెరపలేదు.

"అమ్మాయ్, ఇలా రా" అన్నాడు. "నీ చెయ్యి పెట్టు."

నాలుగేళ్లకి కూతురితో అన్న మొదటి మాట అది. సుబ్బరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరలక్ష్మి వచ్చింది. పలక గడ్డి మీద బోర్లా పెట్టి, చెయ్యి తువ్వాలు కిందకి పోనిచ్చింది. శేషగిరి తన చెయ్యి బయటకి తీసుకుని రెండడుగులు వెనక్కి జరిగి, అటు తిరిగి నిలబడ్డాడు. ఇంకొకరి బేరం కనిపెట్టి చూడటం మా వీధిలో మర్యాద కాదు.

నేను మాత్రం చూశాను. నాకంత మర్యాద లేదు.

వరలక్ష్మి కళ్లు తండ్రి వీపు మీదున్నాయి. ఇంజక్షను తీసుకుంటే ఈ జూన్ ఆమెది. తీసుకోకపోతే దసరాకి గొంతు ఉంటుందో, చోటు ఉంటుందో ఏదీ ఖాయం కాదు. ఆ గడ్డి వైపు చూసింది. ఇంకోసారి తండ్రి వీపు వైపు చూసింది. బాలశౌరి మొహం మారింది.

"గీరిందండీ" అన్నాడు. "జూన్ వద్దని గట్టిగా గీరింది."

"చెప్పకూడదు నాయనా" అన్నాను.

"ఇప్పుడు నొక్కుతోందండీ. నాలుగే."

ఆ కుర్రాడు మా వీధివాడు కాదు, మా వాడుక తెలియదు. అయినా చెయ్యంతా కలిపి నొక్కాడు. ఖాయమైంది. వెళ్లి ఆ బెజవాడవాళ్లతో, ఈ అమ్మాయి లేకుండా గిటారు పెట్టె తెరవనని చెప్పాడట. వాళ్లు తిట్టారు, బెదిరించారు, చివరికి మద్రాసు అమ్మాయి సంగతి వదిలేసి ప్రోగ్రాం దసరాకి మార్చారు.

దసరాకి వరలక్ష్మి పాడింది. ఆమె ఎత్తుకోగానే కృష్ణ కాలవలో నీళ్లు వెనక్కి నడిచాయి. బాపులపాడు రైతులు ఆ వారం మడికి రెండుసార్లు తడి పెట్టుకున్నారు. ఆమె జీవితంలో అదే పెద్ద మలుపని పేపర్లవాళ్లు రాశారు. రాసుకోనివ్వండి. నాకు తెలిసిన మలుపు అంతకు ముందే, శ్రావణంలో జరిగింది.

సీజను అయిపోయింది. గోదాము ఊడ్చేశాం. డాక్టరు చూసి, ఇక మాట్లాడవచ్చన్నాడని వరలక్ష్మి బస్సు దిగి తిన్నగా కొట్లోకి వచ్చింది. ఏ మాట మొదట వస్తుందా అని అందరం కాచుకుని ఉన్నాం. అమ్మా అంటుందని సుబ్బరత్నమ్మ, పాట అందుకుంటుందని నేను. శేషగిరి ఏమీ అనుకున్నట్టు కనపడలేదు. అలవాటు ప్రకారం ఒళ్లో తువ్వాలు పరిచి, పక్కన చోటు చూపించాడు.

వరలక్ష్మి కూర్చుంది. చెయ్యి మాత్రం పెట్టలేదు. గొంతు సవరించుకుంది. అదే ఇసక, కానీ వాన పడ్డాక తడిసిన ఇసక.

"తువ్వాలు తీసెయ్ నాన్నా" అంది మెల్లగా. "మాట్లాడుకుందాం."

అతను తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. నా వైపు తిరిగి, "నువ్వెళ్లి టీ చెప్పిరావోయ్" అన్నాడు. టీ కొట్టు ఎదురుగానే ఉంది, కేకేస్తే చాలు. అయినా చెప్పులేసుకుని వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే అతను మాట్లాడుతూనే ఉన్నాడు. రెండు పోస్టుకార్డులు నిండేంత.